కానుక ఎటు నుంచి వస్తే లెక్క అటే: తెలుగు నేల మీద క్రైస్తవ పరిచర్యలో డబ్బు

క్లుప్తంగా

పాస్టరు డబ్బు తీసుకోవచ్చా, కూడదా అన్న వాదన రెండు వేల ఏళ్ల నాటిది. ఇప్పట్లో తేలేది కాదు. అంతకంటే పనికొచ్చే ప్రశ్న ఒకటుంది: ఆ డబ్బు ఎవరు ఇస్తున్నారు, లెక్క అడిగే వీలు ఎవరికి ఉంది? విదేశీ దాత, సంఘస్థులు, టీవీ ప్రేక్షకులు, ప్రభుత్వం. వీరిలో ఎవరు పోషిస్తే పరిచర్య వాళ్ల వైపు ఒరుగుతుంది. 2020లో విదేశీ విరాళాల చట్టానికి వచ్చిన సవరణ, ఆ తర్వాత ఊరూరా పాకిన ఫోన్ చెల్లింపులు ఈ దారులను మార్చేశాయి.

ఒకే పేరు, వేర్వేరు సంసారాలు

తెలుగు రాష్ట్రాల్లో పాస్టర్ల డబ్బు గురించి చర్చ మొదలైతే రెండు మాటలు ముందుగా వినిపిస్తాయి. "విదేశాల నుంచి కోట్లు వస్తున్నాయి" అన్నది ఒకటి. "దైవసేవకుడు పస్తులుండాలా?" అన్నది రెండోది. ఒకే మండలంలో రెండూ నిజం కావచ్చు. క్రైస్తవ పరిచర్య అని ఒకే పేరుతో పిలుస్తున్నా, లోపల ఒకదానితో ఒకటి పొత్తు లేని సంసారాలు చాలా ఉన్నాయి.

కథోలిక ఫాదర్‌ను మేత్రాసనం (బిషప్ పాలనా ప్రాంతం, డయాసిస్) నియమిస్తుంది, బదిలీ చేస్తుంది, ఆయన బతుకు అది చూసుకుంటుంది. సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) పాస్టరుకు డయాసిస్ స్కేలు ప్రకారం జీతం ఉంటుంది. హైదరాబాద్ హెబ్రోను కేంద్రంగా పుట్టిన సహవాసాల సేవకుడికి జీతమే ఉండదు. ఊరి చివర రేకుల షెడ్డులో మందిరం నడిపే స్వతంత్ర పాస్టరుకు ఆదివారం సంచిలో పడిందే ఆదాయం. ఇక శాటిలైట్ ఛానల్‌లో అరగంట కార్యక్రమం నడిపే మినిస్ట్రీ నెలనెలా ఛానల్ బిల్లు కట్టాలి. ఈ అయిదింటినీ ఒకే గాటన కట్టి తిట్టడం గానీ వెనకేసుకురావడం గానీ కుదరని పని.

లేఖనం ఏ పక్షం?

తీసుకోవచ్చు అనేవారూ, కూడదు అనేవారూ ఇద్దరూ అపొస్తలుడైన పౌలునే సాక్షిగా పిలుస్తారు. సువార్త ప్రకటించేవారు సువార్త వల్లనే బతకాలని కొరింథీయులకు రాసింది ఆయనే. ఆ కొరింథులోనే డేరాలు కుట్టి సొంత ఖర్చు పెట్టుకున్నదీ ఆయనే. ఇక్కడ ఎక్కువమంది చూడకుండా దాటిపోయే వివరం ఒకటుంది. కొరింథులో ఉండగా కొరింథువాళ్ల దగ్గర తీసుకోని పౌలు, అదే సమయంలో దూరాన మాసిదోనియ సంఘాలు పంపింది తీసుకున్నాడు. అంటే ఆయన డబ్బును కాదనలేదు. ఎదురుగా కూర్చుని వింటున్నవాడికి బాకీపడటాన్ని కాదన్నాడు.

యెరూషలేము పేదల కోసం చందా పోగుచేసినప్పుడు ఆయన ఇంకో అడుగు వేశాడు. సొమ్ము మోసేందుకు తన సహచరుడు తీతుతో పాటు, సంఘాలు తమంతట తాము ఎన్నుకున్న మరో సహోదరుణ్ణి కూడా పంపాడు. ఇంత పెద్ద మొత్తం విషయంలో ఎవరూ తమ మీద తప్పు మోపకూడదని కారణం కూడా చెప్పాడు. ఇచ్చినవాళ్లే ఎన్నుకున్న మనిషి సొమ్ము వెంట నడవడం అన్న ఆ పద్ధతి మీద ప్రసంగాలు అరుదు. రాబడిలో పదో వంతు, అంటే దశమభాగం, ఇవ్వాలన్న మలాకీ ప్రవక్త మాట మాత్రం దాదాపు ప్రతి సంఘంలోనూ వినిపిస్తుంది.

ఒంగోలు కరువు కాలువ

డబ్బుకీ మతానికీ మధ్య ముడి ఎంత జటిలమో తెలుగు నేల మీద మొదట పెద్ద ఎత్తున బయటపడింది 1876-78 కరువులో. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలు చేరాడు. అంతకుముందు, నెల్లూరులో ఉన్న ఆ మిషనుకు ఎన్నేళ్లయినా పెద్దగా ఎవరూ చేరకపోవడంతో, దాన్ని మూసేద్దామా అని అమెరికాలోని బోర్డు ఒకటికి రెండుసార్లు ఆలోచించింది. బోర్డుకు తలల లెక్క కావాలి. లెక్క చూపిస్తేనే అక్కడి సంఘాలు చందాలు ఇస్తాయి.

కరువు వచ్చింది. కోస్తా వెంట బకింగ్‌హాం కాలువ పని కరువు పనిగా నడుస్తోంది. క్లౌకు సర్వే పని తెలుసు. కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకాన్ని ఆయన కాంట్రాక్టు తీసుకున్నాడు. కూలికి వచ్చినవారిలో ఎక్కువమంది మాదిగలు. మిగతా చోట్ల మేస్త్రీల చేతిలో అవమానాలు పడే వాళ్లకు ఇక్కడ కూలి సక్రమంగా దొరికింది. కూలి ముఠాల మీద అజమాయిషీ చేసింది మిషను ప్రసంగీకులే. మట్టి తవ్వించినవాళ్లే మధ్యాహ్నం నీడపట్టున కూర్చుని సువార్త చెప్పారు.

తర్వాత వందలమంది బాప్తిస్మం ఇమ్మని వచ్చారు. క్లౌ ఇవ్వలేదు. కూలి కోసం, గింజల కోసం వచ్చారన్న మాట రాకూడదని దాదాపు 15 నెలలు బాప్తిస్మాలు ఆపేశాడు. ఇకమీద సాయం ఏదీ ఉండదని తేల్చి చెప్పాక 1878లో మళ్లీ మొదలుపెట్టాడు. ఆ ఏడాది జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. సంవత్సరం ముగిసేసరికి ఆ సంఖ్య తొమ్మిది వేలు దాటింది. మూసేద్దామనుకున్న మిషను అమెరికా బాప్టిస్టు పత్రికల్లో గొప్ప విజయగాథ అయింది.

ఈ ఘటనను "గింజల కోసం మారారు" అని ఒక మాటలో తేల్చేసేవాళ్లు ఆ 15 నెలలను లెక్కలోకి తీసుకోరు. "కేవలం ఆత్మీయ ఉజ్జీవం" అనేవాళ్లు అజమాయిషీ ఎవరు చేశారో చెప్పరు. కూలి ఇచ్చే చెయ్యి, బాప్తిస్మం ఇచ్చే చెయ్యి ఒకటే అయితే చిక్కు వస్తుందని క్లౌకు అర్థమైంది. ఆ రెంటి మధ్య కొంత కాలాన్ని అడ్డం పెట్టాడు. ప్రాణాలు నిలబెట్టిన మనిషి మీద ఏర్పడ్డ నమ్మకం 15 నెలల్లో చెరిగిపోయేది కాదు, చెరిగిపోవాలని కోరడంలోనూ అర్థం లేదు. ఆకలి తీర్చడానికీ మనసు మార్చడానికీ మధ్య గీత ఎక్కడ గీయాలన్న తగువు ఈనాటి మత మార్పిడి నిషేధ చట్టాల దాకా వచ్చింది. ఆ చట్టాల్లో "ప్రలోభం" అన్న పదం చుట్టూ నడుస్తున్నది అదే తగువు.

పిడికెడు బియ్యం

మరో దారి దోర్నకల్‌లో కనిపించింది. తిరునల్వేలి ప్రాంతం నుంచి వచ్చిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ (ఇంగ్లండ్ చర్చి) సంఘానికి తొలి భారతీయ బిషప్‌గా, దోర్నకల్ బిషప్‌గా అభిషిక్తులయ్యారు. బిషప్ కాకముందే, 1903లో తిరునల్వేలి మిషనరీ సొసైటీ, 1905లో జాతీయ మిషనరీ సొసైటీ స్థాపనలో ముందున్నారు. మనుషులూ మనవాళ్లే, డబ్బూ మనదే, నాయకత్వమూ మనదే అన్నది జాతీయ సొసైటీ పట్టిన పట్టు. నిరుపేద మాల, మాదిగ పల్లెల్లో ఇది ఎలా కుదురుతుందని తెల్ల మిషనరీలకే సందేహం. ఇవ్వడం నేర్వని సంఘానికి సొంత కాళ్లు రావని అజరయ్య వాదన.

పేదల దగ్గర నగదు ఉండదు, గింజ ఉంటుంది. అన్నానికి బియ్యం కడిగే ముందు ఇంటి ఇల్లాలు ఒక పిడికెడు తీసి పక్క కుండలో వేస్తుంది. ఆదివారం ఆ కుండ మందిరానికి వస్తుంది. అన్నీ పోగుచేస్తే పాస్టరుగారి ఇంటికి వారం తిండి, మిగిలింది అమ్మితే దీపానికి నూనె. కోత పండుగ వచ్చిందంటే గుమ్మడికాయ, కోడిపుంజు, వడ్ల బస్తా మందిరం ముందుకు చేరతాయి. వేలం పాటలో కోడి అంగడి ధర కంటే ఎక్కువే పలుకుతుంది. పాడుకున్నవాడు దాన్ని మళ్లీ మందిరానికే ఇచ్చేస్తే రెండోసారి వేలం. తెలుగు పల్లె సంఘాల్లో ఈ వేలం ఇప్పటికీ సందడే.

ఈ పద్ధతిని చివరిదాకా తీసుకెళ్లింది మాత్రం మిజోరాం. అక్కడి ప్రెస్బిటేరియన్ స్త్రీలు 1910లో మొదలుపెట్టిన పిడికెడు బియ్యం నేటికీ నడుస్తోంది. ఏటా కోట్ల రూపాయలు పోగవుతాయి. ఆ సంఘం విదేశీ నిధి కోసం చూడకపోగా, సొంత ఖర్చుతో బయటి ప్రాంతాలకు మిషనరీలను పంపుతుంది. కోస్తా, తెలంగాణల్లో అంత దూరం ఎందుకు రాలేదన్నదానికి కారణాల్లో ఒకటి భూమి. మిజో కుటుంబానికి సాగు ఉంది, దాదాపు ఊరంతా ఒకే సంఘం. తెలుగు పల్లెలో క్రైస్తవుడు భూమి లేని కూలి, ఊళ్లో అల్పసంఖ్యాకుడు. రెండో కారణం మిషన్లు కట్టిపెట్టిన ఆసుపత్రులు, కాలేజీలు, బోర్డింగులు. విదేశీ డబ్బు కొలతకు కుట్టిన ఆ సంస్థలు పిడికెడు బియ్యంతో నడవవు. మిషనరీ పోస్నెట్ దొర పూనికతో, కరువు రోజుల్లో జనానికి పని చూపిస్తూ కట్టారని చెప్పుకునే మెదక్ చర్చి 1924 క్రిస్మస్ నాడు ప్రారంభమైంది. అంత కట్టడానికి మరమ్మతు చేయించడం మాటలు కాదు.

మిషను వెళ్లాక మిగిలిన స్థలాలు

మిషనరీలు తగ్గాక నెలనెలా వచ్చే గ్రాంట్లూ తగ్గాయి. స్థలాలు మాత్రం మిగిలాయి. వంద, నూట యాభై ఏళ్ల కింద ఊరి బయట కొన్న మిషను కాంపౌండు నేడు పట్టణం నడిబొడ్డు. గుంటూరు, ఒంగోలు, నెల్లూరు, మచిలీపట్నం ఎక్కడ చూసినా ఇదే వరస. షాపు అద్దెలు, లీజులు, స్కూలు ఫీజులు పాత సంఘాలకు పెద్ద ఆదాయం అయ్యాయి.

సంఘస్థుల కానుకతో నడిచే చోట పాస్టరు వాళ్లకు జవాబు చెప్పాలి. అద్దెలతో నడిచే చోట కమిటీలో ఎవరు కూర్చుంటారన్నదే అసలు సంగతి అవుతుంది. డయాసిస్ ఎన్నికల్లో ప్యానెళ్లు, కోర్టు కేసులు, రిసీవర్లు, పోలీసు బందోబస్తు ఇందువల్లే. ఆంధ్ర లూథరన్ సంఘంలో నాయకత్వ వివాదాలు కోర్టుల దాకా వెళ్లడం పత్రికలు చదివేవారికి కొత్త కాదు. సీఎస్‌ఐ ఆస్తులు కంపెనీల చట్టం కింద నమోదైన ట్రస్ట్ అసోసియేషన్ పేరిట ఉంటాయి. ఊళ్లో సంఘం వందేళ్లుగా వాడుకుంటున్న స్థలానికి కాగితం మీద యజమాని వేరే ఊళ్లో ఉంటాడు.

హిందూ దేవాలయాలకు 1987 దేవాదాయ చట్టం ఉంది, కార్యనిర్వహణాధికారి ఉంటాడు. తిరుమల హుండీ సొమ్ము పరకామణిలో లెక్కవుతుంది. మసీదు ఆస్తులకు వక్ఫ్ బోర్డు ఉంది. చర్చిలకు అలాంటి బోర్డు లేదు. రెండు రాష్ట్రాల్లోనూ ఉన్న క్రైస్తవ మైనారిటీ ఆర్థిక సంస్థలు పథకాలు అమలు చేసేవే, చర్చి లెక్కలు చూసేవి కావు. దీన్ని స్వేచ్ఛ అని కొందరంటారు, తమకు లేని వెసులుబాటు అని దేవాలయాలను ప్రభుత్వం నుంచి విడిపించాలనేవాళ్లు అంటారు. ఈ రెండో ఫిర్యాదులో పస ఉంది. అలాగని చర్చిలకు లెక్కే లేదనడం కూడా సరికాదు. సొసైటీగానో ట్రస్టుగానో నమోదై పన్ను మినహాయింపు పొందిన సంస్థ, ఆదాయం నిర్ణీత పరిమితి దాటితే ఆడిట్ చేయించాలి. వ్యవస్థాపకుడో అతని బంధువులో సంస్థ సొమ్ముతో సొంత లాభం పొందారని తేలితే ఆ మేరకు మినహాయింపు పోతుంది.

జీతం లేని సేవ

సిక్కు కుటుంబంలో పుట్టి క్రైస్తవుడైన భక్త్‌సింగ్ హైదరాబాద్‌లో హెబ్రోను కేంద్రంగా నడిపిన ఉద్యమం మూడో దారి. సేవకులకు జీతం లేదు. సభలో చందా అడగకూడదు. విదేశీ మిషను పోషణ ఉండకూడదు. ఏటా జరిగే పరిశుద్ధ కూటాల్లో వేలమందికి భోజనాలు పెట్టినా టికెట్ లేదు, అభ్యర్థన లేదు. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో 19వ శతాబ్దంలో జార్జ్ ముల్లర్ అనాథాశ్రమాలు నడిపిన తీరు ఇదే. అవసరం దేవునికే చెప్పాలి, మనుషులకు కాదు అన్నది సూత్రం. ఎవరి పోషణా ఖాయం కాదు కాబట్టి ఎవరి మాటా చెల్లదు, దాత పెత్తనం నుంచి ఇది గట్టి కాపు. ఇబ్బంది సేవకుడి ఇంట్లో వస్తుంది. పిల్లల ఫీజుకు విశ్వాసం చాలని నెలలు ఉంటాయి.

ఇవాళ తెలుగు పల్లెల్లో ఎటు చూసినా కనిపించే స్వతంత్ర సంఘాలు ఈ పద్ధతిలోని స్వేచ్ఛను తీసుకున్నాయి, అడగకూడదన్న నియమాన్ని ఎక్కువగా వదిలేశాయి. లెక్క వేసి చూస్తే ఎందుకో తెలుస్తుంది. నలభై కుటుంబాలున్న పల్లె సంఘం అనుకుందాం. ఇంటికి నెలకు 15,000 రూపాయల రాబడి ఉండి, అందరూ పదో వంతు ఇస్తే నెలకు 60,000 రావాలి. అలా జరగదు. ఆదివారం ఇంటికి 50 రూపాయలు సంచిలో పడినా నెలకు ఎనిమిది వేలు. కరెంటు, మైకు సెట్టు, సండే స్కూలు పిల్లలకు బిస్కెట్లు, అంత్యక్రియల ఖర్చుకు చేయి సాయం పోను మిగిలిందే పాస్టరు సంసారం. పాస్టరమ్మ కుట్టుమిషను, ఆయన ఆటో లేదా ఎల్‌ఐసీ ఏజెన్సీ ఇక తప్పవు. ఊళ్లో రెండో పాస్టరు ఇంకో షెడ్డు వేస్తే ఆ నలభై కాస్తా ఇరవై అయిదు. వేరే సంఘానికి వెళ్లకూడదని ప్రసంగంలో అంత గట్టిగా చెప్పడం వెనుక సిద్ధాంతంతో పాటు ఈ కూడిక, తీసివేతలు కూడా ఉన్నాయి.

"సపోర్ట్" తెగిన తర్వాత

ఈ లోటును పూడ్చింది దశాబ్దాల పాటు విదేశీ సపోర్ట్. అమెరికాలోనో యూరప్‌లోనో ఒక సంఘం నెలకు ఇంత అని ఒక పాస్టరునో, ఒక పిల్లనో దత్తు తీసుకునేది. ఫొటో, ఉత్తరం, క్రిస్మస్ కానుక, మూడు నెలలకో రిపోర్టు. రిపోర్టులో అడిగేది ఎన్ని కూటాలు, ఎంతమంది విన్నారు, ఎన్ని బాప్తిస్మాలు. ఒంగోలు రోజుల తలల లెక్కే ఇది. దాత పదివేల మైళ్ల దూరంలో ఉన్నాడు, వచ్చి చూడడు. కాబట్టి పని కంటే రిపోర్టు బాగుండటం ముఖ్యం. ఒకే బాప్తిస్మం ఇద్దరు దాతల రిపోర్టుల్లో చేరే అవకాశం ఇక్కడే పుడుతుంది. అదే సపోర్ట్‌తో నడిచిన హాస్టళ్లలో చదువుకుని టీచర్లు, నర్సులు, ఉద్యోగులు అయినవాళ్లు దళిత వాడల్లో ఎందరో ఉన్నారన్నదీ కాదనలేని నిజం.

విదేశీ విరాళాల మీద మొదటి చట్టం ఎమర్జెన్సీ కాలంలో, 1976లో వచ్చింది. 2010లో దాని స్థానంలో కొత్త చట్టం చేశారు, విదేశీ డబ్బు తీసుకునేందుకు ఉండాల్సిన రిజిస్ట్రేషన్‌కు అయిదేళ్లకోసారి రెన్యువల్ తప్పనిసరి అయింది. పెద్ద దెబ్బ 2020 సెప్టెంబరు సవరణ. విదేశీ డబ్బంతా మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి. ఆఫీసు ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20కి తగ్గింది. ఆఫీస్ బేరర్లకు ఆధార్ తప్పనిసరి. అన్నింటికంటే ముఖ్యం, ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ నిధిని ఇంకో సంస్థకు ఇవ్వడం పూర్తిగా నిషిద్ధం.

ఈ చివరి నిబంధనే పల్లెలకు తగిలింది. అంతకుముందు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్న పెద్ద సంస్థ డబ్బు తెప్పించి, రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న సంస్థలకు పంచేది. విదేశీ దాతతో ఇంగ్లిష్‌లో ఉత్తరాలు నడపగల పని పెద్ద సంస్థది, ఊళ్లో పని చిన్నదానిది. నిషేధంతో ఈ మెట్లు విరిగాయి. పెద్ద సంస్థలకు సొంత సిబ్బందితో పని చేయించుకునే దారి మిగిలింది, చిన్నవాటికి అదీ లేదు. సవరణకు ముందే, ప్రభుత్వ ముందస్తు అనుమతి ఆంక్షతో, పేద పిల్లలకు దాతలను కుదిర్చే అమెరికా క్రైస్తవ సంస్థ కంపాషన్ ఇంటర్నేషనల్ 2017 మార్చిలో దేశంలో పని ఆపేసింది. లక్షా నలభై వేలకు పైగా పిల్లల స్పాన్సర్‌షిప్‌లు ఆగాయి. 2024లో మరో క్రైస్తవ సేవా సంస్థ వరల్డ్ విజన్ ఇండియా రిజిస్ట్రేషన్ రద్దయింది. మతమార్పిడికి వాడుతున్నారన్నది ప్రభుత్వ పక్షాన వినిపించే మాట, మైనారిటీల మీద కక్ష అన్నది ఎదుటి మాట. ఈ తగువులో మధ్యన పడినవి హాస్టళ్లు.

ప్రవాసులను తికమక పెట్టే సంగతి ఇంకోటి. డాలస్‌లో ఉంటున్న ఇద్దరు తెలుగువాళ్లు ఊళ్లో మందిరానికి చెరో వెయ్యి డాలర్లు పంపుతారు. భారత పాస్‌పోర్టు ఉన్న ఉద్యోగి బ్యాంకు ద్వారా తన సంపాదన నుంచి పంపింది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాడు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, పంపింది విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ లేని మందిరం దాన్ని తీసుకోకూడదు. ఇద్దరూ అన్నదమ్ములైనా రూలు ఇదే.

స్క్రీన్ మీద నంబరు

విదేశీ దారి ఇరుకైన కాలంలోనే ఫోన్‌పే, గూగుల్‌పే వచ్చాయి. తెలుగులో క్రైస్తవ కార్యక్రమాల ఛానళ్లు, యూట్యూబ్ ప్రసారాలు అప్పటికే బలపడి ఉన్నాయి. ప్రసంగం కింద పరుగెత్తే పట్టీలో నంబరు, పక్కన క్యూఆర్ కోడ్. కర్నూలులో ఉన్న ప్రసంగీకుడికి గల్ఫ్‌లో ఇంటిపని చేసే గోదావరి జిల్లా స్త్రీ కానుక పంపగలదు.

టీవీలో స్లాటు కొనాలి. కొన్న స్లాటు ఖర్చు రాబట్టాలంటే అడగాలి. అడిగితే వచ్చిన దాంతో ఇంకో స్లాటు. ఈ గానుగలో ఒకసారి కాలు పెట్టాక అడగకుండా ఉండటం వ్యక్తి మంచితనానికి సంబంధించిన సంగతి కాదు, బిల్లుకు సంబంధించిన సంగతి. ఏ ప్రసంగానికి ఫోన్లు ఎక్కువ వస్తాయో అదే మళ్లీ మళ్లీ వస్తుంది. స్వస్థత, అప్పుల విడుదల, వీసా, సంతానం. విత్తనం నాటితే నూరంతల పంట అన్న బోధ అమెరికాలో ఓరల్ రాబర్ట్స్ లాంటి టీవీ ప్రసంగీకుల దగ్గర పెరిగి, ఇక్కడి అప్పుల మధ్య బతికేవారి దగ్గరకు వచ్చి సులువుగా కుదురుకుంది. పల్లె పాస్టరు ఇదే బోధ చేస్తే, పంట రానివాడు మరుసటి ఆదివారం ఎదురుగా కూర్చుంటాడు. టీవీ ప్రసంగీకుడికి ఆ ఇబ్బంది లేదు. పంట వచ్చినవాడి సాక్ష్యం తెర మీదకు వస్తుంది, రానివాడు ఛానల్ మారుస్తాడు.

క్యూఆర్ కోడ్ ఏ ఖాతాదన్నది ఇక్కడ అసలు ప్రశ్న. స్కాన్ చేయగానే సొసైటీ పేరు వస్తే ఆ డబ్బు సంస్థది, ఆడిట్‌లోకి వస్తుంది. వ్యక్తి పేరు వస్తే అతనిది. బంధువులు కానివారి నుంచి ఏడాదిలో 50,000 రూపాయలు దాటి వచ్చిన సొమ్ము ఆదాయ పన్ను లెక్కలో ఆదాయమే. కానుకల సంచిలో పడ్డ నోటుకు జాడ ఉండేది కాదు, ఫోన్‌లో వచ్చిన రూపాయికి ఉంటుంది. చాలామంది పాస్టర్లు ఈ తేడాను ఇంకా పట్టించుకోలేదు.

ప్రభుత్వం ఇచ్చే 5,000

ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్సార్‌సీపీ ప్రభుత్వం పాస్టర్లకు నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం తెచ్చింది. తర్వాత వచ్చిన కూటమి ప్రభుత్వం కూడా ఆ పద్దు కింద నిధులు విడుదల చేసింది. అర్చకులకు, ఇమాములకు ఇస్తున్నప్పుడు వీరికెందుకు ఇవ్వకూడదన్నది ఒక వాదన. ఒక మతాన్ని పోషించడానికి పన్ను వసూలు చేయకూడదన్న రాజ్యాంగంలోని 27వ అధికరణం ఎదుటివారి వాదన.

దీని వెనకాల కులం పేచీ ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధులు కానివారు ఎస్సీలు కారు. మతం మారిన ఎస్సీలు ఇక్కడ బీసీ-సీ కింద ఒక శాతం రిజర్వేషన్‌లోకి వస్తారు. సర్టిఫికెట్ ఎస్సీదిగా ఉంచుకుని పాస్టరుగా గౌరవ వేతనం తీసుకుంటే రెండు కాగితాలూ ఒకదాన్నొకటి కాదంటాయి. పాస్టరుగా పనిచేస్తున్న వ్యక్తి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద పెట్టిన కేసు చెల్లదని 2025లో ఏపీ హైకోర్టు చెప్పింది. ఈ భయం సంఘం పుస్తకాల దాకా పాకుతుంది. సభ్యుల రిజిస్టరులో పేరు, కానుకకు పేరుతో రసీదు వద్దనుకునేవాళ్లు ఉన్నప్పుడు లెక్కలు పద్ధతిగా రాయడం ఎలా? పారదర్శకత లేదని నిందించేవాళ్లు ఈ కారణాన్ని కూడా చూడాలి.

బయటి దేశాల్లో

జర్మనీలో సంఘ సభ్యుడి ఆదాయ పన్ను మీద మరో 8 లేదా 9 శాతాన్ని ప్రభుత్వమే వసూలు చేసి చర్చికి ఇస్తుంది. పాస్టరు ఎవరినీ అడగనక్కర్లేదు. పన్ను తప్పించుకోవాలంటే సభ్యత్వం వదులుకుంటున్నట్టు అధికారికంగా రాసివ్వాలి, ఏటా లక్షలమంది అదే చేస్తున్నారు. అమెరికాలో ఇతర ధర్మసంస్థలు దాఖలు చేసే వార్షిక పత్రం చర్చిలకు అక్కర్లేదు. 2007లో సెనేట్ ఆర్థిక కమిటీ ఆరు టీవీ మినిస్ట్రీల మీద మొదలుపెట్టిన విచారణ 2011లో శిక్షలేవీ లేకుండా ముగిసింది.

ఆసియా ఉదాహరణలు మనకు దగ్గర. దక్షిణ కొరియాలో యోయిడో చర్చి స్థాపకుడు చో యోంగీకి 2014లో శిక్ష పడింది. కొడుకు దగ్గరున్న షేర్లను మార్కెట్ ధర కంటే ఎంతో ఎక్కువకు చర్చి చేత కొనిపించారన్నది నేరం, నష్టం సుమారు 1,300 కోట్ల వాన్లు. సింగపూర్‌లో సిటీ హార్వెస్ట్ చర్చి భవన నిధిని పాస్టరు భార్య పాటల కెరీర్‌కు బాండ్ల పేరుతో మళ్లించినందుకు ఆరుగురు నాయకులు 2015లో దోషులయ్యారు. రెండూ సంఘస్థుల సొంత కానుకలతో నడిచిన చర్చిలు. విదేశీ డబ్బు ఆగితే అవినీతి ఆగుతుందనుకోవడానికి లేదు. సింగపూర్‌లో మాత్రం ధర్మసంస్థల కమిషనర్ అనే అధికారి ఉన్నాడు, ఆయన విచారణతోనే గుట్టు బయటపడింది.

తండ్రి తర్వాత

తెలుగు స్వతంత్ర సంఘాల్లో 1980, 90లలో షెడ్డు వేసి మొదలుపెట్టిన తొలి తరం పాస్టర్లకు ఇప్పుడు అరవై, డెబ్బై ఏళ్లు. వారికి పెన్షను లేదు, పీఎఫ్ లేదు. ముప్ఫై ఏళ్ల సేవకు చేతిలో మిగిలిన ఆస్తి మందిరం ఒక్కటే. చాలాచోట్ల ఆ స్థలం వారి పేరునో భార్య పేరునో రిజిస్టరై ఉంది. సొసైటీ పెట్టడం ఖర్చు, కమిటీ వేస్తే గొడవలు అన్న ఆలోచనతో అప్పట్లో అలా చేశారు. కట్టడానికి సిమెంటు బస్తాలు ఇచ్చింది, పునాది తవ్వింది సంఘస్థులు. కాగితం మీద మాత్రం అది కుటుంబ ఆస్తి.

కొడుకు పాస్టరైతే సమస్య పైకి తేలదు. పెద్ద కొడుకు బైబిలు కాలేజీకి వెళ్లడానికి పిలుపుతో పాటు ఇదీ ఒక కారణం. ఇద్దరు కొడుకులుండి ఒకడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంటే, ఇంకో కూతురు వాటా అడిగితే, వారసత్వ చట్టం మందిరాన్ని ఇల్లులాగే పంచమంటుంది. ఇచ్చిన సిమెంటుకు రసీదు లేదు కాబట్టి సంఘానికి కోర్టులో చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. పాస్టరు బతికుండగా స్థలాన్ని సొసైటీకి గిఫ్ట్ డీడ్ రాసి, ఆయనకూ భార్యకూ జీవితాంతం ఉండే గది, నెలకు కొంత భృతి అని సంఘం చేత రాయించుకుంటే ఇద్దరికీ భద్రత. అలా చేసిన సంఘాలు ఉన్నాయి, తక్కువ. స్టాంపు డ్యూటీ మార్కెట్ విలువ మీద పడుతుంది కాబట్టి, రోడ్డు పక్కన స్థలం ధర పెరిగేకొద్దీ ఆ పని ఇంకా ఖరీదవుతోంది.